కుర్సురాను 76 బొడిపెల్లో కట్టడం: సొంత లెగో నమూనాకు సమగ్ర మార్గదర్శి

పెట్టెతో వచ్చిన పుస్తకం చూసి లెగో ముక్కలు పేర్చడం ఒక పని. పెట్టెలో లేనిదాన్ని కళ్లారా చూసి, కొలిచి, దొరికే ముక్కల్లో ఇమిడేలా మలచడం పూర్తిగా మరో పని. అలా తయారైన నమూనాను ఈ అభిరుచి ఉన్నవారు ‘మాక్’ అంటారు; ఎవరికి వారు సొంతంగా చేసుకున్నది అని దాని భావం. ఈ మార్గదర్శి ఆ రెండో పనికి సంబంధించినది. ఉదాహరణగా విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీద నిలిచివున్న ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామిని తీసుకున్నాను. ఇక్కడి లెక్క ఒంటబట్టినవారు ఇదే దారిలో ఓడనైనా, రైలింజన్‌నైనా కట్టుకోవచ్చు.

వస్తువును ఎంచుకోవడం

విశాఖలో కట్టదగిన వస్తువులకు కొదవ లేదు. కైలాసగిరి మీది శివపార్వతులు, సింహాచలం గోపురం, డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌస్, ఓడరేవు క్రేన్లు అన్నీ ఊరిస్తాయి. మొదటిసారి కట్టేవారు శివపార్వతుల జోలికి వెళ్లవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. చదరపు ముక్కల్లో ముఖకవళికలు పలికించడం ఏళ్ల అనుభవం ఉన్నవారికే కొరుకుడు పడదు. గోపురం ఇంకో రకం చిక్కు తెచ్చిపెడుతుంది: ఒక్కో అంతస్తూ కిందిదానికన్నా కొంచెమే చిన్నది కాబట్టి ఆ ‘కొంచెం’ చిన్న నమూనాలో సగం బొడిపెకో (ముక్క మీద ఉండే గుండ్రటి ఉబ్బే బొడిపె, కొలతకు అదే ఆధారం) పావు బొడిపెకో వచ్చి ప్రాణం తీస్తుంది. జలాంతర్గామికి ఈ బాధ తక్కువ. నడిమి భాగాన్ని ఎక్కడ అడ్డంగా కోసి చూసినా దాదాపు ఒకే ఆకారం కనిపిస్తుంది గనుక, నాలుగు బొడిపెల పొడవు ఒకసారి సరిగ్గా కుదిరితే మిగిలినదంతా దాన్నే మళ్లీ మళ్లీ కట్టడం.

కుర్సురాను ఎంచుకోవడానికి మరో కారణం దాని కొలతలు బహిరంగంగా తెలిసినవి కావడం. సోవియట్ యూనియన్‌లో తయారైన ఫాక్స్‌ట్రాట్ తరగతి జలాంతర్గామి అది. 1969 డిసెంబరు 18న భారత నౌకాదళంలో చేరి, 2001 ఫిబ్రవరి 27న విరమించి, 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉంటోంది. పొడవు 91.3 మీటర్లు, వెడల్పు 7.5 మీటర్లు. ఈ రెండు అంకెలూ చేతిలో ఉంటే పని మొదలుపెట్టవచ్చు.

ముక్కల లెక్క

లెగో ఇటుకకు ఇప్పుడున్న రూపం మీద డెన్మార్క్ సంస్థ పేటెంటుకు దరఖాస్తు చేసినది 1958 జనవరి 28న. ఆనాటి కొలతలే నేటికీ నడుస్తున్నాయి. ముక్క మీదుండే గుండ్రటి బొడిపెను స్టడ్ అంటారు. ఒక బొడిపె నడిమి నుంచి పక్క బొడిపె నడిమికి 8 మిల్లీమీటర్లు. ఇటుక ఎత్తు 9.6 మిల్లీమీటర్లు. ప్లేటు అని పిలిచే పలచటి ముక్క ఎత్తు 3.2 మిల్లీమీటర్లు, అంటే మూడు ప్లేట్లు ఒకదాని మీద ఒకటి పెడితే ఒక ఇటుక. బొడిపెలు లేని నున్నటి ప్లేటు పేరు టైల్.

ఈ అంకెల్లో ఒక చిన్న కిటుకు దాగుంది, సొంత నమూనాలన్నీ దాదాపు దాని మీదే నడుస్తాయి. ఐదు ప్లేట్ల ఎత్తు 16 మిల్లీమీటర్లు. రెండు బొడిపెల వెడల్పు కూడా 16 మిల్లీమీటర్లే. కాబట్టి నిలువుగా పేర్చిన ముక్కల పక్కకు, బొడిపెలు బయటివైపు చూసేలా అడ్డంగా తిప్పిన ముక్కలను తగిలిస్తే, ఐదు ప్లేట్లకు రెండు బొడిపెల చొప్పున అవి కచ్చితంగా కలుస్తాయి. ముక్కలను ఇలా పక్కకు తిప్పి కట్టడాన్ని ‘స్నాట్’ పద్ధతి అంటారు. ‘ఐదుకు రెండు’ అన్న మాటను నేను కాగితం మీద రాసి బల్లకు అంటించుకున్నాను, మీరూ అంటించుకోండి.

స్కేలు నిర్ణయించడం

లెగో బొమ్మ మనిషి ఎత్తు సుమారు 4 సెంటీమీటర్లు. ఆ మనిషికి తగ్గట్టు కడితే జలాంతర్గామి రెండు మీటర్లు దాటి, మా ఇంట్లో దివాను కన్నా పొడవవుతుంది. 1:100 స్కేలులో పొడవు 91 సెంటీమీటర్లు, వెడల్పు 75 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది బొడిపెల మీద మరో మూడు మిల్లీమీటర్లు వస్తాయి. తొమ్మిది బేసి సంఖ్య కావడంతో రెండు వైపులా సమానంగా కట్టడం తలనొప్పి. 1:150కి వచ్చేసరికి లెక్క అందంగా కుదురుతుంది. 91,300ను 150తో భాగిస్తే సుమారు 609 మిల్లీమీటర్లు, 8తో మళ్లీ భాగిస్తే 76 బొడిపెలు. వెడల్పు 50 మిల్లీమీటర్లు, అంటే ఆరుంపావు బొడిపెలు. ఆ పావును వదిలేసి ఆరు తీసుకుంటే రెండు మిల్లీమీటర్ల లోటు మిగులుతుంది, అది కంటికి ఆనదు. స్కేలు కోసం వెతికేటప్పుడు పొడవును కాకుండా వెడల్పును సరిసంఖ్యలో తెచ్చే స్కేలునే ఎంచుకోవాలి. పొడవులో ఒక బొడిపె అటూ ఇటూ అయినా ఎవరూ గుర్తించరు, వెడల్పులో ఒక బొడిపె పెరిగితే జలాంతర్గామి కాస్తా పడవలా కనిపిస్తుంది.

ఫోటో మీద గళ్లు గీయడం

పొడవూ వెడల్పూ తెలిసినా, పైన నిలువుగా ఉండే తెరచాప లాంటి భాగం ఎంత ఎత్తుందో, ముందు నుంచి ఎంత దూరంలో మొదలవుతుందో అంకెల్లో దొరకదు. దానికి ఫోటోలే దిక్కు. వీలైనంత దూరంగా నిలబడి జూమ్ చేసి తీయండి. దగ్గరి నుంచి తీస్తే ముందు భాగం ఉబ్బి, వెనుక భాగం కుంచించుకుపోయి, కొలత తప్పుతుంది. సముద్రం వైపు ఉదయం, రోడ్డు వైపు మధ్యాహ్నం దాటాక వెలుతురు బాగుంటుంది. ఆదివారం సాయంత్రాలు బీచ్ రోడ్డులో ఇసుక వేస్తే రాలనంత జనం ఉంటారు కనుక వేరే రోజు చూసుకోవాలి.

ఫోటోను కంప్యూటర్‌లో తెరిచి, జలాంతర్గామి పొడవు 3,800 పిక్సెళ్లు వచ్చేలా సైజు మార్చండి. 76 బొడిపెలకు 3,800 అంటే బొడిపెకు 50 పిక్సెళ్లు. అదే నిష్పత్తిలో ప్లేటు ఎత్తుకు 20 పిక్సెళ్లు. ఇప్పుడు ఫోటో మీద 50 వెడల్పు, 20 ఎత్తు ఉండే గళ్లు గీస్తే, ప్రతి గడీ ఒక చిన్న ప్లేటు. ఏ భాగం ఎన్ని గళ్లు ఆక్రమించిందో లెక్కపెట్టుకోవడమే మిగిలిన పని. నేనైతే ఈ గళ్ల ఫోటోను ప్రింటు తీయించి, భాగాల మీద రంగు పెన్సిళ్లతో గీశాను. బోలెడు సాఫ్ట్‌వేర్ ఉన్న కాలంలో ఇది పాత పద్ధతే, అయినా కాగితం మీద కనిపించే తప్పు తెర మీద కనిపించదు.

వదులుకోవలసినవి

ఈ దశలోనే దేన్ని వదిలేయాలో తేల్చుకోవాలి. లెగోలో దొరికే కడ్డీ మందం 3.2 మిల్లీమీటర్లు. 1:150లో అది అసలు కొలతకు 48 సెంటీమీటర్ల మందమైన దూలంతో సమానం. పెరిస్కోపుగా నిలబెడితే కాస్త లావుగా ఉన్నా సరిపెట్టుకోవచ్చు, డెక్ చుట్టూ రెయిలింగుగా పెడితే మాత్రం తాటి దుంగలు పాతినట్టుంటుంది. అందువల్ల రెయిలింగులు వద్దు. మెట్లు, తాళ్లు, చిన్న చిన్న రంధ్రాలు కూడా వద్దు. కుర్సురాను దూరం నుంచి చూసినవారికి గుర్తుండేవి మూడే: పొడవాటి గుండ్రటి ఒడలు, ముక్కు మీద పొడుచుకొచ్చిన సోనార్ (శబ్దంతో నీటిలో వెతికే పరికరం) ఉబ్బు, నడిమికి అటూ ఇటూగా లేచిన నిలువు భాగం. ఈ మూడింటి మీద ఎంత శ్రమపడినా తక్కువే.

తెర మీద ఒకసారి

ముక్కలు కొనక ముందే కంప్యూటర్‌లో కట్టి చూడండి. విడి లెగో ముక్కలు అమ్మే వెబ్‌సైట్ బ్రిక్‌లింక్ వారి ‘స్టూడియో’ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అంతకన్నా పాతది ‘ఎల్‌డ్రా’, దీన్ని 1995లో ఆస్ట్రేలియాకు చెందిన జేమ్స్ జెస్సిమన్ మొదలుపెట్టారు. ఎల్‌డ్రాలో కొలమానం 0.4 మిల్లీమీటర్లు, బొడిపెకు 20, ప్లేటుకు 8, ఇటుకకు 24 యూనిట్లు. అన్నీ పూర్ణాంకాలే కనుక సందులు ఎక్కడ మిగిలాయో లెక్క తేలిగ్గా తెలుస్తుంది. తెర మీద కట్టేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. అక్కడ గురుత్వాకర్షణ లేదు, గాలిలో వేలాడే ముక్క కూడా బుద్ధిగా నిలబడుతుంది. అలాగే మీరు ఎంచుకున్న ముక్క ఆ రంగులో అసలు తయారైందో లేదో కూడా చూసుకోవాలి.

ముక్కలు సమకూర్చుకోవడం

ఖర్చు దగ్గర మన దేశంలో నెమ్మదించక తప్పదు. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. విదేశీ అమ్మకందారుల దగ్గర విడి ముక్కలు చవకగా కనిపించినా, రవాణా, సుంకం కలిసేసరికి తడిసి మోపెడవుతుంది. నేను అనుసరించిన దారి ఇది: నలుపు, ముదురు బూడిద రంగు ముక్కలు ఎక్కువగా ఉండే వాహనాల సెట్లను తగ్గింపు ధరల్లో రెండు మూడు కొని విడగొట్టడం, మిగిలినవి ఇక్కడి అభిమానులతో మార్పిడి చేసుకోవడం, ఎక్కడా దొరకని కొన్ని రకాలను మాత్రమే ఒకేసారి బయటి నుంచి తెప్పించడం.

నకిలీ ముక్కల సంగతి కూడా చెప్పాలి. మొదట్లో చవకరకం ముక్కల సంచి ఒకటి కొన్నాను. ఒక వరుసలో ముక్క పట్టు వదిలేది, మరో వరుసలో పళ్లతో లాగినా వచ్చేది కాదు. విడిగా ఒక్కో ముక్కలో తేడా వెంట్రుకవాసే, కానీ 76 బొడిపెల పొడవున అది పోగై, చివరికి ఒడలు అరటికాయలా వంగింది. లోపల కనిపించని చోట్ల నింపడానికి తప్ప ఆ సంచి దేనికీ పనికిరాలేదు.

రంగు విషయంలో నా సలహా కొందరికి నచ్చకపోవచ్చు. జలాంతర్గామి అనగానే పూర్తిగా నలుపు ముక్కలతో కట్టేస్తారు. గదిలో వెలుతురుకు నలుపులో వంపులన్నీ కలిసిపోయి, ఎంతో కష్టపడి కట్టిన పక్కలు బొగ్గుముద్దలా కనిపిస్తాయి. పక్కలకు నలుపు, డెక్‌కు ముదురు బూడిద వాడితే ఆకారం విడిగా తెలుస్తుంది.

వెన్నెముక

లోపలి దిమ్మె రెండు బొడిపెల వెడల్పు. దీని కోసం ఒక పక్కన నాలుగు బొడిపెలు ఉండే 1×4 ఇటుకలు కావాలి. రెండేసి ఇటుకలను వీపులు ఆనించి, పక్క బొడిపెలు ఇరువైపులా బయటికి చూసేలా వరుసగా పేర్చండి. ఆ వరుస మీద రెండు ప్లేట్ల మందాన పొడవాటి ప్లేట్లు, వాటి మీద మళ్లీ అలాంటి ఇటుకల వరుస. ఇటుక 9.6, రెండు ప్లేట్లు 6.4, కలిపితే 16. అంటే కింది వరుస పక్క బొడిపెకూ పై వరుస పక్క బొడిపెకూ మధ్య దూరం సరిగ్గా రెండు బొడిపెలంత. నడుమ ఒక్క ప్లేటే పెట్టినా, మూడు పెట్టినా పక్క పలకలు తగులుకోవు.

తాపీ మేస్త్రి గోడ కట్టేటప్పుడు పై వరుస జాయింటు కింది వరుస జాయింటు మీద పడకుండా ఇటుకను సగానికి జరిపి వేస్తాడు. ఇక్కడా అంతే. నా మొదటి నమూనాలో తొందరపడి అన్ని వరుసలనూ ఒకే చోట ముగించాను. బల్ల మీద ఉన్నంతసేపు బాగానే ఉంది. కట్టడం ముగిసిన రాత్రి ఇంట్లోవాళ్లకు చూపిద్దామని రెండు చివరలూ పట్టుకొని పైకెత్తగానే నడిమికి విరిగి, ముందు సగం నా చేతిలోనూ వెనుక సగం మంచం కింద ముక్కలుగానూ మిగిలాయి. చీపురు పెట్టి ఊడ్చి ఏరుకుంటే మర్నాడు పప్పు డబ్బాలో కూడా ఒక ముక్క దొరికింది. అప్పటి నుంచి ఇటుకల జాయింట్ల మీద 2×16 ప్లేటు నడిమి భాగం పడేలా ముందే గీసుకుంటున్నాను.

మొత్తాన్ని ఒకే ముక్కగా కాకుండా 24, 28, 24 బొడిపెల మూడు భాగాలుగా కట్టి, కలిసే చోట పైనొకటి, కిందొకటి పొడవాటి ప్లేట్లు తాళాల్లా వేయండి. ఆ ప్లేట్లు ఊడదీస్తే నమూనా మూడు ముక్కలై అట్టపెట్టెలో పడుతుంది.

పక్కలు

నమూనా ప్రాణమంతా ఇక్కడే ఉంది. మొత్తం వెడల్పు ఆరు బొడిపెలు, దిమ్మె రెండు, కాబట్టి ఒక్కో వైపు రెండేసి బొడిపెలు, అంటే 16 మిల్లీమీటర్లు, అంటే ఐదు ప్లేట్ల మందం నింపాలి. ‘ఐదుకు రెండు’ ఇక్కడ ఫలిస్తుంది.

మూడు బొడిపెల ఎత్తు, మూడు ప్లేట్ల మందం ఉన్న పొడవాటి పలక ఒకటి విడిగా కట్టండి. దాన్ని నేల మీద పడుకోబెడితే పైన మూడు వరుసల బొడిపెలు కనిపిస్తాయి. నడిమి వరుస మీద ఒక ప్లేటు, ఒక టైల్ వేయండి. మిగతా రెండు వరుసల మీద చీజ్ స్లోప్ అని పిలిచే చిన్న వాలు ముక్కలు, వాలు బయటి అంచు వైపు దిగేలా పెట్టండి. చీజ్ స్లోప్ ఎత్తు రెండు ప్లేట్లే కాబట్టి మూడూ రెండూ ఐదు. ఈ పలకను నిలబెట్టి దిమ్మె పక్క బొడిపెలకు నొక్కితే, నడుము దగ్గర నిండుగా, పైకీ కిందికీ వాలుగా ఒడలు రూపుకడుతుంది. ఒక్కో వాలు ముక్కను వేలితో తడిమితే మొనలు తగులుతాయి, చేయెడు దూరం జరిగి చూస్తే గుండ్రంగానే ఉంటుంది. నడిమి 40 బొడిపెల పొడవుకు రెండు వైపులా కలిపి 160 చీజ్ స్లోపులు పడతాయి. 1×2 సైజువి దొరికితే 80 చాలు, గీతలు కూడా తగ్గి నున్నగా వస్తుంది.

ఒక చిన్న లోపం మిగులుతుంది. దిమ్మె ఎత్తు ఎనిమిది ప్లేట్లు, అంటే 25.6 మిల్లీమీటర్లు. పలక ఎత్తు మూడు బొడిపెలు, అంటే 24. పై అంచు సమంగా కలుస్తుంది గాని, కింద 1.6 మిల్లీమీటర్లు, అర ప్లేటంత సందు ఉండిపోతుంది. దాన్ని మూయాలని రెండు సాయంత్రాలు తంటాలు పడి, చివరికి వదిలేశాను. పొట్ట కింది నీడలో ఆ సందు ఎక్కడుందో ఇప్పుడు నాకే వెతుక్కోవాలి.

దిమ్మె పైన నాలుగు బొడిపెల వెడల్పు ప్లేట్లు వేసి, రెండు అంచుల్లో వాలు ముక్కలు, నడుమ రెండు బొడిపెల వెడల్పున టైల్స్ పరిస్తే డెక్ సిద్ధం. కింద కూడా అదే అమరిక తలకిందులుగా వేయాలి. దానికి తిరగేసిన వాలు ముక్కలు వేరే దొరుకుతాయి.

ముక్కు, తోక, పై భాగం

నమూనా చివరలు సన్నబడటానికి ఒక అంచు ఏటవాలుగా కోసినట్టుండే వెడ్జ్ ప్లేట్లు వాడాలి. ఇవి చెప్పుల్లా ఎడమవీ కుడివీ వేరువేరు. కొనేటప్పుడు జతలు లెక్కపెట్టుకోకపోతే ఒకే కాలికి నాలుగు చెప్పులు కొన్నట్టవుతుంది. నేను ముక్కుకు 16, తోకకు 20 బొడిపెలు కేటాయించాను. దిమ్మెను కూడా చివరికి ఒక బొడిపె వెడల్పుకు తగ్గించాలి, రెండు నుంచి ఒకటికి దిగేచోట నడిమికి ఒకే బొడిపె ఉండే జంపర్ ప్లేటు సగం బొడిపె జరిపి ఆదుకుంటుంది. సోనార్ ఉబ్బుకు గుండ్రటి వంపు ముక్క ఒకటి చాలు.

ఫాక్స్‌ట్రాట్ తరగతికి మూడు ప్రొపెల్లర్లు. పూల ఆకారంలో ఉండే చిన్న గుండ్రటి ప్లేట్లు మూడు తోక కింద పెడితే సరిపోతుంది. నిలువు భాగాన్ని గళ్ల ఫోటో చూసి నేరుగా కట్టవచ్చు, రెండు బొడిపెల వెడల్పు మించనివ్వకండి. దాని మీద ఎస్ 20 అన్న గుర్తు సంఖ్యను ముక్కలతో పలికించడం ఈ సైజులో సాధ్యం కాదు. స్టిక్కరు అంటించడాన్ని ఒప్పుకోనివారు ఉన్నారు. నేను పారదర్శక కాగితం మీద తెల్ల అక్షరాలు ప్రింటు తీయించి అంటించాను, నాకు ఏ అపరాధభావమూ లేదు.

ఇసుక, మనుషులు, గాజుపెట్టె

అడుగున 16×16 ప్లేట్లు ఐదు వరుసగా పెడితే 80 బొడిపెల పొడవు వస్తుంది. లేత గోధుమ రంగు ప్లేట్లు, అక్కడక్కడ టైల్స్ కలిపి వేస్తే ఇసుకలా ఉంటుంది. మనుషుల కోసం వెతకనక్కరలేదు. 1×1 గుండ్రటి ఇటుక, పైనున్న బొడిపెతో కలిపి సుమారు 11.3 మిల్లీమీటర్లు, 150తో హెచ్చిస్తే 1.7 మీటర్లు. బొడిపె తలకాయ, ఇటుక ఒళ్లు. రంగురంగులవి పది పన్నెండు నిలబెడితే సాయంత్రం బీచ్ తయారు. వాటిని పెట్టాకే ఆ జలాంతర్గామి ఎంత పెద్దదో చూసేవారికి తడుతుంది.

ఈ నమూనాను లెగో ఐడియాస్ వేదికకు పంపవచ్చా అని అడుగుతుంటారు. అక్కడ పదివేల మంది మద్దతు దొరికిన నమూనాలను సంస్థ పరిశీలనకు తీసుకుంటుంది. అయితే వాస్తవిక ఆధునిక యుద్ధ సామగ్రికి ఆ సంస్థ దూరంగా ఉంటుంది, కాబట్టి కుర్సురా మీ ఇంటి గూట్లోనే ఉండాలి. లైట్‌హౌస్ కట్టినవారికి ఆ అడ్డంకి లేదు.

సముద్రపు గాలిలోని తేమ లెగో ప్లాస్టిక్కును ఏమీ చేయదు. చేసేది ఎండ. పడమటి కిటికీ పక్కన పెడితే తెలుపు, బూడిద ముక్కలు పసుపు తిరుగుతాయి. బీచ్ దగ్గరి ఇళ్లలో తలుపు తీస్తే చాలు సన్నటి ఇసుక వచ్చి స్లోపుల సందుల్లో చేరుతుంది, గుడ్డతో రుద్దితే గీతలు పడతాయి. గాజుపెట్టె లేకపోతే వాటర్ కలర్ల మెత్తటి కుంచెతో వారానికోసారి దులపండి. బాగా మురికి పట్టిన భాగాలను 40 డిగ్రీలు మించని గోరువెచ్చటి నీళ్లలో కొద్దిగా సబ్బు కలిపి కడిగి, ఫ్యాన్ కింద ఆరబెట్టాలి. స్టిక్కరున్న భాగాన్ని కడగకండి. ఎవరికైనా చూపించడానికి తీసుకువెళ్లేటప్పుడు తాళం ప్లేట్లు ఊడదీసి, మూడు భాగాలనూ పాత తువ్వాళ్లలో చుట్టి పెట్టెలో సర్దండి. మే నెలలో ఆ పెట్టెను కారు డిక్కీలో వదిలి భోజనానికి వెళ్లవద్దు, పొడవాటి ప్లేట్లు ఆ వేడికి వంగుతాయి.